ఇరవై ఐదు దేనారాల సంగతి

చి. అమ్మలుకి,

ఉత్తరమూ, దాంతోపాటు నీ రచన చిత్తుప్రతీ అందాయి. "తాతయ్యా, రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ కాలంలో పొలం కూలీకి రోజుకి 25 దేనారాలట, ఇప్పటి లెక్కలో ఎంత? ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ఒక్క ముక్కలో తేలే సంగతైతే నా దాకా ఎందుకొస్తావు!

ఇప్పటి లెక్కను కాసేపు పక్కన పెట్టు. క్రీ.శ. 301లో ఆయన వేయించిన ధరల శాసనాన్నే చదువు. కూలీకి తిండి పెట్టి, పైన 25 దేనారాలు. అదే పట్టికలో మనిషికి క్షవరం 2. పొలం పనివాళ్లు తొడుక్కునే మొదటి రకం బూట్లు, అడుగున మేకులు కొట్టకుండా, జత 120. అంటే ఒక్క రోజు కూలితో పన్నెండుమందికి క్షవరం చేయించొచ్చు. బూట్లు కావాలంటే మాత్రం దాదాపు ఐదు రోజులు నడుం వంచాలి. క్షవరంతో కొలిస్తే వాడి సంపాదన ఫరవాలేదనిపిస్తుంది, బూట్లతో కొలిస్తే కటిక పేదవాడు. రెండూ నిజమే. మనిషి చాకిరీ చవక, వస్తువు ప్రియం, అదీ ఆ కాలం తీరు. "ఇప్పటి డబ్బుల్లో ఇంత" అని రాశావో, ఈ సంగతంతా ఆవిరైపోతుంది.

ఇంకోటి. అవి సర్కారు గీసిన గీతలు, ఇంతకు మించి అమ్మకూడదని. సంతలో పలికిన ధరలు కావు. మించితే మరణదండన అన్నారు. జనం భయపడి సరుకు బయటికి తియ్యడం మానేశారని ఆ కాలంవాడే, లాక్టాంటియస్ అనే క్రైస్తవ రచయిత రాశాడు (ఆయనకు ఆ చక్రవర్తంటే ఒళ్లుమంట, అదీ గుర్తుంచుకో). ఏ ధర కనబడినా అది రాతలోదా, చేతులు మారిందా అని ముందు అడుగు.

పేరు చూసి కూడా మోసపోకు. సువార్తలో ద్రాక్షతోట కూలీకి రోజుకి ఒక్క దేనారం. మూడు వందల ఏళ్లు తిరక్కుండానే 25 అయింది. కూలి పాతిక రెట్లు పెరిగిందని సంబరపడేవు! మొదటిది మంచి వెండి నాణెం. తర్వాతి చక్రవర్తులు వెండి తగ్గిస్తూ, రాగి కలుపుతూ పోయారు. శాసనం నాటికి దేనారం పద్దుల్లో రాసుకునే పేరుగా మిగిలింది.

అలాంటప్పుడు బంగారంతో కొలిస్తే పోలా అంటావు. ఒకప్పుడు నేనూ అదే అన్నాను. ఒక వ్యాసంలో డాలరు విలువలన్నీ బంగారంలోకి మార్చి పంపితే, సంపాదకుడు మార్జిన్‌లో ఒక్క ప్రశ్న రాసి తిప్పి పంపాడు: "1980కీ 2000కీ చేసి చూశారా?" చేశాను. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్ల దాకా ఎగబాకిన బంగారం 2000లో సగటున 300 కూడా లేదు. నా లెక్క ప్రకారం డాలరు బలపడాలి. తీరా చూస్తే ఆ ఇరవై ఏళ్లలో అమెరికాలో మామూలు సరుకుల ధరలు రెట్టింపు దాటాయి. ఆ వ్యాసం మళ్లీ పంపలేదు.

ఈ పనిలో నాకు ఇష్టమైనవాడు ఇంగ్లండులో తర్వాత బిషప్పు అయిన విలియం ఫ్లీట్‌వుడ్. 1707 నాటి మాట. ఆక్స్‌ఫర్డులో ఒక కళాశాల. సొంత ఆస్తి మీద ఏడాదికి 5 పౌన్లకు మించి వచ్చేవాడికి అక్కడ చోటు లేదని పదిహేనో శతాబ్దంలో రాసుకున్న నియమం. ఫ్లీట్‌వుడ్ రోజుల్లో అంతకు మించి ఉన్నవాడు ఆ నియమం పాటిస్తానని అక్కడ ప్రమాణం చేస్తే అబద్ధమాడినట్టా? ఫ్లీట్‌వుడ్ నాణెంలో వెండి తూచి ఊరుకోలేదు. చదువుకునేవాడికి నిత్యం కావలసినవి తీసుకున్నాడు: ధాన్యం, మాంసం, పానీయం, బట్ట. పాత పద్దులు తిరగేసి, అప్పుడు 5 పౌన్లకు వచ్చినవి తన రోజుల్లో కొనాలంటే ఐదారు రెట్లు పెట్టాలని తేల్చాడు. చూశావా, ఎవరి డబ్బు, దేనికోసం అన్నది ముందు తేల్చుకున్నాకే లెక్కకు దిగాడు. అదే ప్రశ్న ఒక ప్రభువు గురించి అడిగుంటే ఆ సరుకులు పనికొచ్చేవి కావు.

దేశాల ఖర్చుకైతే సరుకుల బుట్ట అసలు ఆనదు. 1867లో అమెరికా అలాస్కాను 72 లక్షల డాలర్లకు కొంది. సరుకుల ధరలతో పెంచితే 2017కి పన్నెండు, పదమూడు కోట్ల డాలర్ల దగ్గర ఆగుతుంది. అదే ఏడాది నెయ్‌మార్ అనే ఒక్క ఫుట్‌బాల్ ఆటగాడి బదిలీకి 22.2 కోట్ల యూరోలు పోశారు! అలాస్కా అంత అగ్గువా? ఆనాటి దేశాదాయంలో ఆ 72 లక్షలు ఎంత వంతో చూసి, 2017 ఆదాయంలో అంతే వంతు తీస్తే వెయ్యి కోట్ల డాలర్లు దాటుతుంది.

నీ చిత్తుప్రతిలో 25 దేనారాల పక్కన కుండలీకరణాల్లో పెట్టిన అంకె కొట్టెయ్. దాని బదులు ఆ బూట్లూ క్షవరమూ పెట్టు. తిండి అదనమన్న మాట మర్చిపోకు, సగం మంది అదే వదిలేస్తారు. తిరగరాసి పంపు, కళ్లజోడు మార్పించాను, ఈసారి త్వరగానే చదువుతాను.

ఆశీస్సులతో,
తాతయ్య