ఎమ్మెస్సీ నర్సింగ్‌లో ఆర్థో ఎక్కడుంది? (సమాధానం)

చెల్లీ, బీఎస్సీ నర్సింగ్ అయ్యాక హన్మకొండలో ఆర్థో (ఎముకల) వార్డులో చేస్తున్నానని, ఎమ్మెస్సీ బ్రాంచీల్లో ఆర్థోపెడిక్ పేరే కనపడట్లేదని రాశావు. దిగులు పడకు. అది విడి బ్రాంచి కాదు, మెడికల్ సర్జికల్ నర్సింగ్ కింద ఉపవిభాగం. ఆప్షన్‌లో మెడికల్ సర్జికల్ పెట్టుకో. చేరేముందు మాత్రం ఆ కాలేజీలో ఆర్థో ఇస్తారా, పోస్టింగులు ఏ ఆసుపత్రిలో అని గట్టిగా అడుగు. కాలేజీ పేరు కన్నా నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది.

నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం బీఎస్సీలో 55 శాతం మార్కులు, ఆ తర్వాత ఏడాది అనుభవం, రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు. అడ్మిషన్లు చూసేది మన వరంగల్‌లోని కాళోజీ హెల్త్ వర్సిటీయే. ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ ఇప్పుడే రాయించుకో, చివర్లో చాలామంది దానికోసమే తిరుగుతారు.

ఎమ్మెస్సీకి రెండేళ్లు కుదరదంటే ఆర్థోపెడిక్, రిహాబిలిటేషన్ (కోలుకునే దశ) నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. వార్డులోనే ఉండాలనుకుంటే అది చాలు. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఎమ్మెస్సీ తప్పదు.

ఈలోగా వార్డులో చూసే ప్రతి కేసూ పనికొస్తుంది. మోకాలి కింద ఎముక విరిగి కట్టు వేసిన పేషెంట్ ఇంజెక్షన్ ఇచ్చినా నొప్పి తగ్గట్లేదంటే, వేళ్లు మెల్లగా పైకి వంచి చూడు. ప్రాణం పోయినట్టు అరిస్తే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ (కాలి కండరాల్లో ఒత్తిడి పెరిగి రక్తం అందకపోవడం) అని అనుమానించి వెంటనే డాక్టర్‌ని పిలువు. పాదంలో నాడి అందుతోంది కదా అని ఆగొద్దు. కాలు గుండె కన్నా ఎత్తులో పెట్టొద్దు.