కుళ్ళును చివరి వాక్యంలో పెట్టిన అమ్మాయికి

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

కంబాలకొండ అడవి మీద నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. పొద్దుటి మంచు గురించిన పేరా బాగుంది. మిగతాది చదువుతుంటే ఒళ్ళు మండింది. గడ్డి, దుప్పి, చిరుతపులి అంటూ నాలుగు పేజీలు మెట్లు కట్టుకుంటూ పోయి, ఆఖరున "విచ్ఛిన్నకారులు కూడా ఉంటాయి" అన్న ఒక్క ముక్కతో, చచ్చినదాన్ని కుళ్ళబెట్టి మట్టిలో కలిపే అసలు పనివాళ్ళను గుమ్మం బయటే నిలబెట్టావు.

పైగా శక్తి చక్రంలా తిరుగుతుందన్నావు. తిరిగేది పదార్థం తల్లీ, శక్తి కాదు. ఆకు పట్టిన ఎండలో చాలా భాగం ఒక్కో ప్రాణి దగ్గర వేడిగా మారి పోతుంది. పై మెట్టుకు చేరేది సుమారు పదో వంతే కనుక దుప్పులు మందలుగా ఉంటే చిరుతలు వేళ్ళ మీద లెక్కకు వస్తాయి. నత్రజని, భాస్వరం మాత్రం చచ్చిన చిరుతలోంచీ రాలిన ఆకులోంచీ బూజులు, బాక్టీరియాలు, చెదలు విడదీసి మట్టికి అప్పగిస్తేనే మళ్ళీ గడ్డికి అందుతాయి. మన సముద్రంలోనూ ఇదే వ్యవహారం. వేసవి మొదట్లో నైరుతి గాలి తీరం వెంబడి వీచినప్పుడు పైనీరు ఒడ్డు నుంచి దూరంగా జరిగి, అడుగున కుళ్ళిన జీవుల సారంతో చల్లని నీరు పైకి వస్తుంది. దానితో పెరిగే సూక్ష్మమైన నాచులే ఫిషింగ్ హార్బరులో తట్టల నిండా మెరిసే కానాగంతలకు మూలం.

అమెరికాలోని మిన్నెసోటాలో ఒక చిన్న చెరువును లిండెమన్ అనే యువకుడు ఏళ్ళ తరబడి పరిశీలించి, ఏది దేన్ని తింటుందో గీసిన బొమ్మలో నట్టనడుమ, చచ్చినవన్నీ కుళ్ళే అడుగు బురదను పెట్టాడు. ఆ పని మీద అతడు రాసిన వ్యాసాన్ని పత్రిక తరఫున చదివిన పరిశీలకులు మొదట వద్దన్నారు. అది 1942లో అచ్చయ్యేసరికి అతడు లేడు. ఇరవై ఆరేళ్ళకే పోయాడు. నా పేడపురుగుల వ్యాసాన్నీ ఒక సంపాదకుడు "పాఠకులు టిఫిను తింటూ చదువుతారండీ" అని తిప్పి పంపి, మరుసటి సంచికకు పులి ముఖచిత్రం వేసుకున్నాడు. ముప్పై ఏళ్ళయినా ఆ ఉత్తరం పారేయలేదు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను మా పెరటి వేపను పడగొట్టినప్పుడు, ఇరుగుపొరుగు వారు ఎంత గొణిగినా మొద్దును కదిలించనివ్వలేదు. మొదటి వానాకాలంలో బెరడు ఎత్తి చూస్తే తెల్లని బూజు దారాలు, చెదలు కట్టిన మట్టి సొరంగాలు, వాటి మధ్య ఒక జెర్రి కనిపించాయి. కొన్నాళ్ళకు ఆ పురుగుల కోసం ముంగిస రావడం మొదలుపెట్టింది. మొద్దు పొడిపొడిగా రాలిపోయిన చోట ఇప్పుడు కరివేపాకు చెట్టు నా ఎత్తుకు పెరిగింది.

వ్యాసాన్ని చిరుతతో కాక, దాని కాలి కింది ఆకుల చెత్తతో మొదలుపెట్టి తిరగరాయి. కలం పేరు సంగతీ, ఏ పత్రికకు పంపాలన్న సంగతీ అది చదివాక చూద్దాం.