విష్‌బోన్ కుర్చీ: సెకండ్ హ్యాండ్‌లో కొనేముందు బోర్లించి చూడండి

డెన్మార్క్‌కి కొత్తగా వచ్చాం, విష్‌బోన్ కుర్చీకి (వీపు దగ్గర Y ఆకారపు కర్ర ఉండే ఇక్కడి చెక్క కుర్చీ) అంత రేటు ఎందుకు, పాతది కొంటే నష్టపోతామా అని అడిగారు కదండీ. నేను ఆరేళ్ళుగా ఆర్హూస్‌లో ఉంటున్నా, మా ఇంట్లో అది ఒకటి ఉంది, పాతదే కొన్నా.

హాన్స్ వెగ్నర్ అనే డానిష్ డిజైనర్ దాన్ని 1949లో డిజైన్ చేశాడు, కార్ల్ హాన్సెన్ కంపెనీ వాళ్ళు 1950 నుంచి చేస్తూనే ఉన్నారు. వీపు దగ్గర వంపు తిరిగిన కర్రని ఆవిరి పట్టి వంచుతారు, మొత్తం వందకు పైగా పనులుంటాయి, సీటు మాత్రం ఇప్పటికీ మనిషి కూర్చుని చేత్తో అల్లాల్సిందే, ఒక్కోదానికి దాదాపు 120 మీటర్ల పేపర్ కార్డ్, అంటే కాగితపు తాడు, పడుతుంది. పేపర్ అని తీసిపారేయకండి, గట్టిగా పురిపెట్టిన తాడు అది, ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

నేను కొన్నదానికి సీటు కిందికి జారి ఉంది. అమ్మినాయన కొంచెం వదులైంది అంతే అన్నాడు, నేనూ నమ్మేశా, ఎందుకంటే మా తాతయ్య నులక మంచం వదులైతే కాళ్ళ వైపు తాడు లాగి బిగించేవారు, సాయంత్రానికి మళ్ళీ బిర్రుగా అయ్యేది, ఇదీ అంతే అనుకున్నా. కానీ ఇది అలా కాదు, నాలుగు మూలల నుంచి మధ్యకి అల్లుకుంటూ వస్తారు, ఒక్కో చుట్టూ అంతకుముందు వేసిన చుట్టుని పట్టేసి ఉంటుంది, లాగి బిగించడానికి కొసే దొరకదు. రెండు వారాల్లో ముందు పట్టె మీద తాడు తెగిపోయింది, మొత్తం కోసేసి మళ్ళీ అల్లాల్సొచ్చింది.

అందుకే కొనేముందు కుర్చీని బోర్లించి చూడండి, ముందు పట్టె మీద తాడు పీచులు లేచిందేమో వేలితో తడమండి, తర్వాత వీపు పట్టుకుని ఊపి చూడండి. కర్ర కదలకపోతే సీటు పోయినా కొనొచ్చు, కొత్త అల్లిక ఖర్చు రేటులో తగ్గించమనండి.

రోజూ భోజనానికైతే మాత్రం నా ఓటు బోర్గె మోగెన్సెన్ అనే డిజైనర్ చేసిన జే39 కుర్చీకే. 1947లో ఎఫ్‌డీబీ అనే సహకార సంస్థ కోసం చేశాడు, మామూలు కుటుంబాలు కొనుక్కోవాలని, ఇక్కడివాళ్ళు దాన్ని ప్రజల కుర్చీ అంటారు. సీటు అదే పేపర్ కార్డ్, వీపుకి ఒక్కటే వెడల్పాటి పట్టె, నాకైతే విష్‌బోన్ కంటే ఇందులోనే ఎక్కువసేపు హాయిగా ఉంటుంది, మా దగ్గర నాలుగున్నాయి.

సొంతంగా అల్లుకుంటానంటే ఒక్క మాట, విష్‌బోన్ సీటు ముందు వెడల్పు, వెనక ఇరుకు, కాబట్టి ముందు రెండు మూలల్లోనే అదనపు చుట్లు వేసి, ముందు పట్టె మీద మిగిలిన ఖాళీ వెనక పట్టె పొడవుతో సమానమయ్యాకే నాలుగు మూలలూ మొదలుపెట్టండి. నేను ఇది తెలియక సగం అల్లాక విప్పేశా, రెండు శనాదివారాలు దానికే పోయాయి. ముడులు అడుగువైపే వెయ్యండి.