వేప నూనెలో స్పిరిట్ కలిపితే మిరప ఆకు ఎందుకు మాడింది?

ప్రశ్న: మిరపలో నల్ల తామర పురుగుకు వేప నూనె కొడుతున్నాను. నూనె నీళ్లలో సరిగా కలవడం లేదని ఈసారి బకెట్లో లీటరు నీళ్లు పోసి, 20 గ్రాముల డిటర్జెంట్ పొడి, 100 మి.లీ. వేప నూనె, అర లీటరు స్పిరిట్ కలిపాను. బకెట్లోనే నూనె పైకి తేలింది. అయినా 20 లీటర్ల ట్యాంకులో పోసి కొట్టేశాను. ప్రతి ట్యాంకూ అయిపోయే చోట సాళ్లలో ఆకులు మాడాయి. స్పిరిట్ నూనెను కరిగిస్తుంది కదా, ఎందుకిలా జరిగింది? చేను కోలుకుంటుందా?
– ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: ముందు చేను సంగతి. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు గానీ, చిగుళ్లు బాగుంటే మొక్క తేరుకుంటుంది, టెన్షన్ పడకండి. ఒక తడి ఇవ్వండి. వారం రోజులు ఏ మందూ కొట్టకండి. కొత్త చిగురు కనిపించాక 19:19:19 ఎరువును లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున పిచికారీ చేయండి.

ట్యాంకు చివర్లోనే ఆకు మాడిందని మీరు గమనించడం చాలా మంచిదైంది. ట్యాంకులో మందు అడుగు నుంచి లాగుతుంది, విడిపోయిన నూనె పైన తేలుతుంది. అంటే మొదటి సాళ్లకు దాదాపు సబ్బు నీళ్లే పడ్డాయి, చివరి సాళ్లకు చిక్కటి నూనె పడింది. ఎండలో ఆ నూనె పొర కిందే ఆకు మాడింది. మొదటి సాళ్లలో పురుగు కూడా తగ్గి ఉండదు, ఒకసారి చూసుకోండి.

ఇక నూనె ఎందుకు విడిపోయిందంటే, డిటర్జెంట్ అణువుకు నీటిని ఇష్టపడే తల, నీటికి గిట్టని తోక ఉంటాయి. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, ఆ తోకలను తమ మధ్య ఉండనివ్వవు. అందుకే డిటర్జెంట్ ఒక మోతాదు దాటగానే దాని అణువులు పదుల సంఖ్యలో గుంపు కడతాయి, తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టుకుంటాయి. ఈ గుంపులే మైసెల్‌లు. సోడియం లారిల్ సల్ఫేట్ అనే రకానికి మామూలు నీటిలో ఆ మోతాదు లీటరుకు సుమారు 2.3 గ్రాములు. నూనె బొట్టు దొరికితే ఇవే అణువులు తోకలను నూనెలోకి గుచ్చి దాని చుట్టూ పొర కడతాయి. ఆ పొర ఉన్నంతసేపే బొట్లు ఒకదానితో ఒకటి కలవకుండా, మందు పాలలా తెల్లగా నిలుస్తుంది.

స్పిరిట్ ఎక్కువగా చేరితే నీటి అణువుల మధ్య పట్టు సడలుతుంది. అప్పుడు డిటర్జెంట్ తోకకు నీటిలో ఉండటం పెద్ద ఇబ్బంది కాదు. అణువులు గుంపు కట్టకుండా విడివిడిగా కరిగిపోతాయి, నూనె బొట్టు మీది పొరనూ వదిలేస్తాయి. నూటికి రెండు మూడు పాళ్ల స్పిరిట్‌తో ఇలా జరగదు, కొన్ని డిటర్జెంట్లలో మైసెల్‌లు ఇంకాస్త తేలికగానే ఏర్పడతాయి. కానీ మీ బకెట్లో స్పిరిట్ మూడో వంతు ఉంది. ఆ పాళ్లలో మైసెల్‌లు నిలవడం కష్టం. ట్యాంకులో పోశాక స్పిరిట్ నూటికి రెండున్నర పాళ్లకు తగ్గినా, అప్పటికే విడిపోయిన నూనె తనంతట తాను మళ్లీ చిన్న బొట్లు కాదు. ఎసిటోన్ అనే ద్రావకంతోనూ ఇదే ఇబ్బంది. గ్లిసరిన్ మాత్రం నీటిలాగే తన అణువులను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి మైసెల్‌లను అంతగా చెదరగొట్టదు.

స్పిరిట్ నూనెను కరిగిస్తుందన్న మాట కూడా సగమే నిజం. వేప గింజలో పురుగు మీద పనిచేసే అజాడిరాక్టిన్ అనే పదార్థం స్పిరిట్‌లోని ఆల్కహాల్‌లో కరుగుతుంది. వేప నూనె మాత్రం నీళ్లు కలిసిన స్పిరిట్‌లో కరగదు. పైగా స్పిరిట్ ఆకు మీది మైనపు పొరను దెబ్బతీస్తుంది. పెట్రోలుతో నడిచే స్ప్రేయర్ దగ్గర అంత స్పిరిట్ ఉంటే నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. దయచేసి ఇకపై వాడకండి.

ఈసారి డిటర్జెంట్ పొడిని కప్పు నీళ్లలో పూర్తిగా కరిగించండి. నూనెను ఒక్కసారిగా కాకుండా సన్నని ధారగా పోస్తూ, తెల్లటి చిక్కని ద్రవం అయ్యేదాకా బాగా గిలక్కొట్టండి. డిటర్జెంట్ చిక్కగా ఉన్నప్పుడే నూనె బొట్లకు పొర త్వరగా పడుతుంది. ఆ తర్వాతే కొద్దికొద్దిగా నీళ్లు చేర్చండి. లీటరు నీటికి 5 మి.లీ. నూనె, ఒక గ్రాము పొడి చాలు. బట్టల సబ్బు ముక్క వేయకండి, బోరు నీటిలోని సున్నానికి సబ్బు విరిగి తెట్టు కడుతుంది. నీరు బాగా ఉప్పగా ఉంటే కాలువ నీళ్లు వాడండి.

కొట్టే ముందు కొంచెం మందు గాజు గ్లాసులో పోసి అరగంట ఉంచండి. పైన నూనె పొర కట్టకపోతేనే పొలానికి తీసుకెళ్లండి. కలిపిన మందు అదే పూట అయిపోవాలి, మధ్యమధ్యలో ట్యాంకు కదుపుతూ సాయంత్రం చల్లబడ్డాక కొట్టండి. బూడిద తెగులుకో నల్లికో గంధకం వాడి ఉంటే, దానికీ వేప నూనెకూ మధ్య కనీసం రెండు వారాలు ఎడం ఇవ్వండి.