షెడ్యూల్ మార్చే టూల్‌ని ఏఐ ఏజెంట్‌కి ఇస్తున్నాం, డాక్యుమెంటేషన్ ఎలా రాయాలి?

ఉన్న బుకింగ్‌ల టైం మార్చే టూల్‌ని, అంటే ఏఐ ఏజెంట్ పిలిస్తే ఆ పని చేసిపెట్టే ప్రోగ్రామ్‌ని, ఏజెంట్‌కి ఇవ్వబోతున్నామని, డెవలపర్ల కోసం రాసుకున్న డాక్యుమెంటేషనే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. మేమూ సరిపోతుందనే మొదలుపెట్టాం. దానివల్ల ఒక పెద్దాయన పొద్దున్న తొమ్మిదిన్నర దాకా పచ్చి మంచినీళ్లతో కూర్చోవాల్సి వచ్చింది.

మాది విజయనగరంలో చిన్న టీమ్. ఇంటికొచ్చి రక్తం శాంపిల్ తీసుకెళ్లే ఒక ల్యాబ్‌కి సాఫ్ట్‌వేర్ చేశాం. పేషెంట్లు వాట్సాప్‌లో పెట్టే మెసేజీలు చదివి ఏజెంటే షెడ్యూల్ మారుస్తుంది. బాబామెట్టలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారికి ప్రతి సోమ, గురువారాల్లో ఆరున్నరకి ఫాస్టింగ్ షుగర్ శాంపిల్ తియ్యాలి. ఆయన ఒక బుధవారం "రేపు గురువారం ఏడున్నరకి రండి" అని పెట్టారు. ఏజెంట్ మా టూల్‌కి టైం ఏడున్నర, రోజులు గురువారం అని పంపి, "మార్చాను సార్" అని జవాబిచ్చింది. గురువారం అంతా సవ్యంగానే జరిగింది. సోమవారం మాత్రం ఎవరూ వెళ్లలేదు. తొమ్మిదిన్నరకి వాళ్లావిడ ఫోన్ చేసి "ఏటి బాబూ, ఇంకా మనిషి రానేదు, ఈయనకి కళ్లు తిరిగిపోతన్నాయి" అనేదాకా మాకు తెలీదు.

లాగ్ తీసి చూస్తే తప్పు మాదే. టూల్‌కి మేం రాసిన వివరణ ఒకే ఒక్క వాక్యం: "షెడ్యూల్‌ని అప్‌డేట్ చేస్తుంది." రోజుల ఫీల్డ్ పక్కన "రోజుల జాబితా" అని ఉంది. అది పంపితే పాత జాబితా పోయి కొత్తది వచ్చి కూర్చుంటుందని ఎక్కడా లేదు. ఒక్కరోజు మార్పుకి వేరే ఫీల్డ్ ఉంది, అది ఖాళీగా వదిలేస్తే ప్రతివారం వచ్చే బుకింగ్ మొత్తం మారిపోతుందనీ లేదు. కొత్తగా చేరిన కుర్రాడైతే "అన్నా, సోమవారం కూడా కలిపి పంపాలా?" అని పక్క సీట్లోవాళ్లని అడిగేవాడు. ఏజెంట్‌కి పక్క సీటు లేదు. ఏజెంట్‌కి టూల్స్ తగిలించడానికి ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ 2024 నవంబర్‌లో తెచ్చిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ వాడినా, సొంతంగా కట్టుకున్నా, టూల్ గురించి దానికి కనిపించేది పేరు, వివరణ, ఫీల్డుల స్కీమా (ఏ ఫీల్డ్‌లో ఏ రకం విలువ పంపాలో చెప్పే పట్టిక). మన బుర్రలో ఉన్నది ఆ మూడింట్లోకి రాకపోతే దానికి తెలిసే దారి లేదు.

అందుకని వివరణ మళ్లీ రాశాం. మాది ఇంగ్లీషులో ఉంది, తాత్పర్యం ఇది: "ఉన్న బుకింగ్ సమయం, రోజులు మార్చడానికే వాడాలి. కొత్త బుకింగ్‌కి, రద్దుకి వేరే టూల్స్ ఉన్నాయి. ముందు బుకింగ్ వెతికే టూల్‌తో ఐడీ తెచ్చుకోవాలి, ఊహించి వెయ్యకూడదు. పంపని ఫీల్డ్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. నల్ (ఏమీ లేదని చెప్పే విలువ) పంపితే చెరిగిపోతుంది. రోజుల జాబితా పంపితే పాతదానికి కలవదు, దాని స్థానంలోకి వస్తుంది. 'ఈ ఒక్కరోజు', 'ఇక నుంచి అన్నీ' అనే రెండింట్లో ఏదో ఒకటి తప్పనిసరిగా ఎంచుకోవాలి. మెసేజీలో అది తేలకపోతే పేషెంట్‌ని అడగాలి." ఒక్కరోజా, అన్నీనా అనే ఆ ఫీల్డ్‌కి డిఫాల్ట్ (ఏమీ పంపకపోతే దానంతటదే పడే విలువ) తీసేశాం. నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చిన మార్పు అదే. డిఫాల్ట్ ఉంటే ఏజెంట్ ఆ ప్రశ్న జోలికే పోదు.

టైం జోన్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. మా సర్వర్ యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో నడుస్తుంది. సోమవారం పొద్దున్న 5 గంటలకి బండి కదలాలంటే సర్వర్ లెక్కలో అది ఆదివారం 23:30. గంటలే కాదు, రోజే మారిపోతుంది. అందుకే టైం ఎప్పుడూ ఐఎస్‌ఓ 8601 రూపంలో (ఏడాది, నెల, తేదీ, గంట ఆ వరసలో రాసే అంతర్జాతీయ పద్ధతి), చివర మన టైం జోన్ +05:30తో పంపాలని రాసి, పూర్తి ఉదాహరణ ఒకటి పెట్టాం. 07/10 లాంటివి టూల్ తిప్పి పంపేస్తుంది, అది అక్టోబర్ 7 కావచ్చు, జులై 10 కావచ్చు. మా ఊళ్లో ఇంకోటుంది. "సిరిమాను రోజు వద్దు, మర్నాడు రండి" అని పెడతారు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం, ఆ రోజు మూడు లాంతర్ల నుంచి కోట దాకా బండి దూరదు. ఏజెంట్ ఆ తేదీని గుర్తు మీద చెప్పకుండా, మేమిచ్చిన సెలవుల పట్టికలో చూసి, "అంటే ఫలానా బుధవారం కదండీ?" అని అడిగాకే టూల్‌ని పిలవాలని రాశాం.

"అరగంట ముందుకి జరపండి" అనేది ఇంకా చిక్కు. ఆరున్నర ఆరవుతుందా, ఏడవుతుందా? మా ఆఫీసులోనే ఇద్దరం రెండు రకాలుగా చెప్పాం. మా టూల్‌లో మొదట "ఎన్ని నిమిషాలు జరపాలి" అనే ఫీల్డ్ ఉండేది. నెట్ తెగి ఏజెంట్ అదే కాల్ రెండోసారి పంపితే అరగంట కాస్తా గంటయ్యేది. ఆ ఫీల్డే తీసేశాం. ఇప్పుడు కొత్త టైం సూటిగా పంపాల్సిందే. అది రెండుసార్లు వెళ్లినా ఫలితం ఒకటే, కాబట్టి "జవాబు రాకపోతే ఇదే కాల్ మళ్లీ పంపవచ్చు" అని ధైర్యంగా రాయగలిగాం.

ఎర్రర్ మెసేజీలు కూడా డాక్యుమెంటేషనే. ఉత్త "400" (పంపిన దాంట్లో తప్పుందని చెప్పే కోడ్) అని వస్తే ఏజెంట్ తోచింది మార్చి మళ్లీ మళ్లీ కొడుతుంది. "6:30కి ఖాళీ లేదు, 7:00, 7:15 ఉన్నాయి, పేషెంట్‌ని అడిగి ఎంచుకోండి" అని వస్తే ఆ పనే చేస్తుంది. పని అయ్యాక కూడా "సరే" అని ఊరుకోకుండా మారిన బుకింగ్ మొత్తం తిరిగి పంపండి. ఆ రోజు అలా పంపి ఉంటే, ఏజెంట్ మాస్టారికి "ఇక ప్రతి గురువారం ఏడున్నరకి" అని చెప్పి ఉండేది, ఆయన "అదేంటి, సోమవారమో?" అని అప్పుడే అడిగేవారు.

రాసింది సరిగ్గా ఉందో లేదో చదివితే తెలీదు, నడిపితేనే తెలుస్తుంది. పేర్లు, నంబర్లు తీసేసి ముప్పై మెసేజీలు పక్కన పెట్టుకున్నాం. వివరణలో ఒక్క మాట మార్చినా అవన్నీ మళ్లీ ఏజెంట్‌కి ఇచ్చి, టూల్‌కి ఏం పంపిందో ఒక్కొక్కటీ కళ్లతో చూస్తాం. వాటిలో మొదటిది "రేపు గురువారం ఏడున్నరకి రండి".