థియరెటికల్ న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ చేయాలా, మెషీన్ లెర్నింగ్‌కి వెళ్లాలా?

ఈసీఈ ఫైనలియర్‌లో ఉన్నారు, లెక్కలొచ్చు, మెదడు మీద ఆసక్తి ఉంది. న్యూరోసైన్స్ థియరీలోకి, అంటే మెదడు పనితీరుని లెక్కలతో వివరించే పనిలోకి వెళ్తే రేపు ఉద్యోగం దొరుకుతుందా, నేరుగా మెషీన్ లెర్నింగ్‌కే పోతే మేలా అని అడిగారు. నేనూ ఈసీఈ నుంచి వచ్చి మొదటిదాంట్లో పీహెచ్‌డీ చేసినవాణ్ణే.

లెక్కల్ని బట్టి ఎంచుకోకండి, రెండింట్లోనూ దాదాపు అవే. 1998లో లండన్ యూసీఎల్‌లో న్యూరల్ నెట్‌వర్క్‌ల శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ మొదలుపెట్టిన గాట్స్‌బీ యూనిట్ అనే పరిశోధన కేంద్రంలో రెండూ కలిపే చెబుతారు. 2010లో డీప్‌మైండ్ అనే ఏఐ కంపెనీ పెట్టిన డెమిస్ హసాబిస్, షేన్ లెగ్ అక్కడ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) చేసినవాళ్లే. కాబట్టి ఇటొస్తే అటు దారి మూసుకుపోతుందన్న భయం అక్కర్లేదు.

అసలు తేడా, మీ మోడల్ తప్పో ఒప్పో ఎవరు తేలుస్తారన్నది. మెషీన్ లెర్నింగ్‌లో చాలామటుకు బెంచ్‌మార్క్, అంటే అందరికీ ఒకటే అయిన పరీక్షలో వచ్చే స్కోరు తేలుస్తుంది. న్యూరోసైన్స్‌లో కోతి తేల్చాలి. న్యూరోసైంటిస్ట్ వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ ప్రయోగాల్లో, ముందు లైటు వెలిగి తర్వాత జ్యూస్ వస్తుందని కోతికి అలవాటయ్యాక, డోపమిన్ అనే రసాయనాన్ని విడుదలచేసే న్యూరాన్లు (మెదడు కణాలు) జ్యూస్‌కి కాకుండా లైటుకే ఫైరయ్యాయి, అంటే విద్యుత్ సంకేతాలిచ్చాయి. లైటు వెలిగించి జ్యూస్ ఆపేస్తే, సరిగ్గా అది రావాల్సిన క్షణంలో ఫైరింగ్ పడిపోయింది. రిచర్డ్ సటన్ 1988లో రాసిన టెంపోరల్ డిఫరెన్స్ లెర్నింగ్ అనే మెషీన్ లెర్నింగ్ పద్ధతిలోని ఎర్రర్ సిగ్నల్ (ఊహించినదానికీ వచ్చినదానికీ ఉన్న తేడా) కూడా అచ్చం ఇలాగే నడుస్తుంది. షుల్ట్జ్, డయాన్, మాంటెగ్యూ 1997 పేపర్లో రెండింటినీ కలిపారు. అది చదివినప్పుడు ఒళ్లు జలదరించినవాళ్లు ఇటు రండి.

అలాంటి పేపరు ఎప్పుడో ఒకటొస్తుంది. రోజువారీ పని వేరు. రికార్డింగ్ మధ్యలో ఎలక్ట్రోడ్ కాస్త జరుగుతుంది, ఇందాకటిదాకా కనిపించిన న్యూరాన్ మాయమవుతుంది. ఈ స్పైక్ (న్యూరాన్ ఫైరైన ఒక్క గుర్తు) ఆ కణానిదా, పక్కదానిదా అని గంటలకొద్దీ స్క్రీన్ ముందు కూర్చోవాలి. నేను ఈక్వేషన్లు రాసినదానికంటే ఇలా డేటా శుభ్రం చేసిందే ఎక్కువ. ఇది విసుగనిపిస్తే మెషీన్ లెర్నింగే మంచిది, అందులో నామోషీ ఏమీ లేదు.

ఉద్యోగాల మాట: ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, పోస్ట్‌డాక్ కోసం దేశాలు మారాలి. పైగా ఇంటర్వ్యూల్లో బయాలజీ వాళ్లు 'మీ ప్రయోగాలేవి?' అంటారు, కంప్యూటర్ సైన్స్ వాళ్లు 'న్యూరిప్స్ (మెషీన్ లెర్నింగ్‌లో పెద్ద కాన్ఫరెన్స్) పేపర్లేవి?' అంటారు. రెండు ప్రశ్నలూ నాకు ఒకే వారంలో ఎదురయ్యాయి.

దగ్గర్లో చూడాలంటే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ ఉంది. థియరీ, సిమ్యులేషన్లకైతే బెంగళూరు ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్). అప్లై చేసేముందు అలెన్ ఇన్‌స్టిట్యూట్ ఉచితంగా పెట్టిన ఎలుకల న్యూరోపిక్సెల్స్ (ఒకేసారి ఎన్నో న్యూరాన్లను రికార్డ్ చేసే ఎలక్ట్రోడ్) డేటా దించుకుని, ఒక్క న్యూరాన్‌కైనా రాస్టర్ ప్లాట్ (ఏ క్షణంలో ఫైరైందో చుక్కలతో చూపే బొమ్మ) గీయండి. ప్రొఫెసర్లకు మెయిల్ రాసేటప్పుడు 'చిన్నప్పటినుంచీ మెదడంటే ఇష్టం' అనే పేరా తీసేసి, ఆ ప్లాట్‌నీ, అందులో మీకు అర్థంకాని ఒక్క విషయాన్నీ పెట్టండి.