మేనమామ ఒడి

పదకొండో నెలలో బాబుకు తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించాలనుకుంటున్నామనీ, సొంత తమ్ముడు రాకపోతే పెదనాన్నగారి అబ్బాయి ఒడిలో కూర్చోబెట్టడం దోషమా, లేక మూడో ఏటికి వాయిదా వేయాలా అనీ అడిగారు.

దోషం లేదు. పెదనాన్న కొడుకూ బిడ్డకు మేనమామే. మనుస్మృతి చౌలాన్ని, అంటే ఈ పుట్టువెంట్రుకలు తీయించడాన్ని, మొదటి ఏట గానీ మూడో ఏట గానీ చేయమంది. మన ఇళ్లలో తొమ్మిది, పదకొండు అంటూ బేసి నెల చూసుకుంటాం. ఈ మాట మీ పురోహితుడైనా చెప్పేవారు. దానికి నాలుగు పేజీల ఉత్తరం అక్కర్లేదు.

బారసాలనాడు మీ తమ్ముడు తెచ్చిన వెండి మొలతాడును అత్తగారు అరచేతిలో ఎగరేసి చూసి, మేనమామ పెట్టేది ఇంతేనా అని నలుగురిలో అన్నారనీ, అతడు భోజనానికి కూర్చోకుండానే బస్సెక్కాడనీ, తొమ్మిది నెలలుగా మాటల్లేవనీ రాశారు. అత్తగారి నోటి గురించి ఒక పేజీ నిండా ఉంది. ఆ క్షణాన మీరేమన్నారో మాత్రం ఎక్కడా లేదు. ఏమీ అనలేదనే నేను అనుకుంటున్నాను.

అత్తగారి మీద కోపమైతే అతడు ఈపాటికి మీకు ఫోన్ చేసేవాడమ్మా. అక్క నోరు మెదపలేదనే అతని బాధ. అత్తింట్లో ఎదురు చెప్పకూడదని మా తరానికీ నూరిపోశారు గానీ, పుట్టింటివాళ్లను చులకన చేస్తుంటే వింటూ కూర్చోవడం కూడా మర్యాదేనని నేనేనాడూ ఒప్పుకోలేదు. ఇప్పుడు బంగారు గొలుసు వేస్తానన్నందుకు పెదనాన్న కొడుకును పిలిస్తే, ఆవిడ అన్న మాటకు మీరూ వంత పాడినట్లే.

మీ ఆయనతో కబురు పంపకండి. బాబును చంకనేసుకుని మీరే వెళ్లండి. ముహూర్తం సంగతి ఎత్తక ముందు, ఆ రోజు మాట్లాడకపోవడం నా తప్పేనని చెప్పండి. అతడు వెంటనే కరగకపోతే మూడో ఏటి వరకూ ఆగండి, ఈలోగా జుట్టు కళ్లలో పడితే పిలక వేయండి. కళ్యాణకట్టలో తలనీలాలకు రుసుము లేదు, మేనమామ తేవలసిందీ ఏమీ లేదు. ఆ మాట తమ్ముడితో అనడానికి ముందే, గడప దాటేటప్పుడు అత్తగారికి చెప్పి బయలుదేరండి.